అత్తగారి పాత పేరు

అందరికీ నమస్కారం.

రష్యన్ నేర్చుకునే రోజుల్లో మా మాస్టారు క్లాసులో ఒక పాట నేర్పారు. క్రసోత్కీ, క్రసోత్కీ, క్రసోత్కీ కబరే... అందగత్తెల్లారా అని మూడుసార్లు పిలవడమే దాని పల్లవి. ఉచ్చారణ తిరగాలని నేర్పారో, మేం నిద్రపోకుండా నేర్పారో ఆయనకే తెలియాలి. అది అచ్చమైన రష్యన్ పాటే అని చాలా ఏళ్లు నమ్మాను. తీరా చూస్తే, జర్మన్ మాటలకు ఒక హంగరీ ఆయన కట్టిన వరస అది!

ఆయన ఇమ్రె కాల్మాన్. 1882లో బాలతోన్ సరస్సు ఒడ్డున షియోఫోక్‌లో పుట్టాడు. బుడాపెస్ట్ సంగీత అకాడమీలో తర్వాత పెద్ద స్వరకర్తలైన బార్తోక్, కొదాయ్‌లు చదువుకున్న గురువు దగ్గరే చదివాడు. వాళ్లిద్దరూ పల్లెపాటలు వెతుక్కుంటూ ఊళ్లు తిరిగితే, ఈయన ఆపరెట్టా వైపు వచ్చాడు. ఆపరెట్టా అంటే భయపడాల్సిందేమీ లేదు. మాటలతో నడుస్తుంది, సందు దొరికితే పాట, చివర్న పెళ్లి.

ఇవాళ చెప్పుకునేది మా మాస్టారి పాట ఉన్న ఆయన ఆపరెట్టా 'చార్దాష్ రాణి' గురించి. చార్దాష్ అంటే హంగరీ వాళ్ల నాట్యం. 1915 నవంబరు 17న వియన్నాలో మొదటిసారి ఆడారు. బయట యుద్ధం. లోపల కథేమిటంటే, సిల్వా బుడాపెస్ట్‌లో ఒక వినోదశాలలో పాటకత్తె. ఎడ్విన్ రాజవంశపు కుర్రాడు. ఎనిమిది వారాల్లో పెళ్లి చేసుకుంటానని నోటరీ ముందు కాగితం రాసిస్తాడు. ఇంట్లోవాళ్లు అప్పటికే వేరే పిల్లతో నిశ్చయ తాంబూలాలకు ముహూర్తం పెట్టేశారు. రెండో అంకంలో సిల్వా బోని అనే స్నేహితుడి భార్యగా, కౌంటెస్‌గా, అంటే దొరసానిగా వేషం కట్టి వాళ్లింటికే వెళ్తుంది. ఎడ్విన్ పొంగిపోతాడు. విడాకులు తీసుకున్న కౌంటెస్ అయితే మా వాళ్లు కాదనరు అంటాడు. అంటే, పాటకత్తెగా పనికిరావన్నమాట. ఆ మాట తగిలాక, ఆ కాగితాన్ని అతని ముందే చింపేస్తుంది. నాకు నాటకమంతా ఆ కాగితం చిరిగే చప్పుడులోనే ఉందనిపిస్తుంది.

మరి పెళ్లెలా అవుతుంది? మూడో అంకంలో ఒక పాత రసికుడు ఎడ్విన్ తల్లిని చూసి గుర్తుపడతాడు. ఈ మహారాణిగారు కూడా ఒకప్పుడు వేదికమీద పాడినావిడే! అప్పట్లో పేరు వేరు. ఇక తండ్రికి నోరెక్కడిది?

ఈ అత్తగారి పాత పేరు పట్టుకుని నడవండి. నాటకం ఏ ఊళ్లో ఎలా మారిందో ఇట్టే తెలిసిపోతుంది.

1917 సెప్టెంబరులో న్యూయార్క్ వెళ్లింది. అక్కడ నాటక రచయిత గై బోల్టన్, మనందరికీ తెలిసిన వుడ్‌హౌస్ కలిసి పాత కథను పక్కన పడేసి, మాంటీ కార్లోలో నడిచే కొత్త కథ రాశారు. 'ది రివియేరా గర్ల్' అని పేరు పెట్టారు. అమెరికా స్వరకర్త జెరోమ్ కెర్న్ పాటలు కొన్ని జతచేశారు. 78 ఆటలకు మూటకట్టేశారు. నవ్వించడంలో వుడ్‌హౌస్‌ను మించినవాడు లేడు, కానీ ఈ వరసలకు ఆ కథ అతకలేదని నా అభిప్రాయం. సిల్వా మొదటి పాటే వినండి. చార్దాష్ పద్ధతిలో ముందు బరువుగా, నెమ్మదిగా నడుస్తుంది, తర్వాత ఒక్కసారిగా దౌడు తీస్తుంది. ఆ దిగులుకీ దౌడుకీ వెనక ఊరొదిలి వచ్చిన మనిషి ఉండాలి. జూదశాలలో ఆ మనిషి ఎక్కడ దొరుకుతుంది?

రష్యాలో దీని పేరే 'సిల్వా' అయిపోయింది. హిట్లర్ అధికారానికి వచ్చిన మరుసటి ఏడు, 1934లో, జర్మనీలో ఉఫా స్టూడియో దీన్ని మార్తా ఎగ్గెర్త్ కథానాయికగా సినిమా తీసింది. కాల్మాన్ యూదుడు. తర్వాత అక్కడ ఆయన సంగీతం నిషేధమైంది. 1938లో వియన్నా వదిలి, చివరికి అమెరికా చేరాడు. ఇటు యుద్ధం నడుస్తుండగానే, 1944లో, ఉరల్ ప్రాంతపు స్వెర్ద్‌లోవ్స్క్ స్టూడియో తన మొట్టమొదటి కథాచిత్రంగా 'సిల్వా' తీసింది. జర్మన్లు నోరు నొక్కిన వరసలను వాళ్ల శత్రువులు పాడుకున్నారు. 1951లో జర్మనీలో మళ్లీ సినిమాగా వచ్చింది. పాత సినిమా తీసిన గియార్గ్ యాకోబీయే దర్శకుడు, ఈసారి కథానాయిక ఆయన భార్య మారికా ర్యోక్. 1981లో యాన్ ఫ్రీద్ సోవియట్ టీవీకి తీశాడు.

అసలు తమాషా సొంతగడ్డ మీదే జరిగింది. 1954లో బుడాపెస్ట్ ఆపరెట్టా థియేటర్‌లో హన్నా హోంతి అనే తార ఉంది. అరవై దాటాయి. ఆ వయసులో సిల్వా వేషం కుదరదు, వేషం లేకుండా ఆవిడ ఊరుకోనూ లేదు. బేకెఫీ, కెల్లేర్ అనే ఇద్దరు రచయితలు నాటకం తిరగరాశారు. అంతకుముందు చిన్నదిగా ఉన్న ఎడ్విన్ తల్లి పాత్ర, సెసీలియా పేరుతో, నాటకాన్నే ఆక్రమించేసింది. దాచుకోవలసిన గతం కాస్తా చప్పట్లు కొట్టించుకునే గతమైంది. కమ్యూనిస్టు ప్రభుత్వం ఉన్న దేశం, రాజవంశాన్ని ఎగతాళి చేస్తే అడ్డెవరు? మిష్కా అనే హెడ్‌ వెయిటర్‌గా కామిల్ ఫెలెకి, బోనిగా రోబెర్త్ రాతోన్యి. దర్శకుడు మిక్లోష్ సినెతార్‌కు ఇరవై రెండేళ్లు. ఆ పిల్లవాడు ఆవిణ్ణి ఎలా నడిపించాడో, ఆవిడే నడిపించిందో!

హోంతి, ఫెలెకి, రాతోన్యి ముగ్గురూ కలిసి పాడే 'హాయ్‌మాషీ పేతేర్, హాయ్‌మాషీ పాల్' 1915 నాటి ప్రతిలో లేనే లేదు. ఇవాళ హంగరీలో ఆ పాట లేకుండా ఆడితే ప్రేక్షకులు ఒప్పుకోవడం కష్టం. కాల్మాన్ 1953 అక్టోబరులో పారిస్‌లో చనిపోయాడు. తన నాటకంలో అత్తగారు ఇంత పెద్దదైందని ఆయనకు తెలీదు.

హోంతి గొంతులో ఆ పాట రికార్డు తెచ్చాను. మూడు నిమిషాలే. లైట్లు కొంచెం తగ్గించండి బాబూ.