పడవ వస్తే రోడ్డు ఆగాలి

శ్రోతలకు నమస్కారం.

రామేశ్వరం వెళ్లొచ్చినవారికి పాంబన్ వంతెన తెలిసే ఉంటుంది. కింద నుంచి ఓడ వెళ్లాలంటే రైలు పట్టాలతో సహా వంతెనలో కొంత భాగం పైకి లేస్తుంది. ఇలా లేచే వంతెనలు ప్రపంచంలో చాలా నదుల మీద ఉన్నాయి. యంత్రంతో లేపడం పెద్ద పని కాదు. ఎవరు అడిగితే లేపాలి, పైన బస్సులో ఉన్నవాళ్లు ఎందుకు ఆగాలి అన్నదే అసలు తగవు.

లండన్‌లో థేమ్స్ నది మీద టవర్ బ్రిడ్జి ఉంది కదా, అది 1894లో వాడకంలోకి వచ్చింది. ఆ రోజుల్లో దానికి ఎగువన నదికి రెండు వైపులా రేవులు, గిడ్డంగులే. సరుకు ఓడలు లండన్ బ్రిడ్జి దాకా వచ్చేవి. మధ్యలో వంతెన అడ్డం పెడితే మా వ్యాపారం ఏం కావాలని రేవుల వాళ్లు పట్టుబట్టారు. తూర్పు లండన్ జనానికేమో నది దాటడానికి వంతెన కావాలి. 1885లో పార్లమెంటు చట్టం చేసి ఇద్దరికీ రాజీ కుదిర్చింది. వంతెన కట్టుకోవచ్చు, కానీ ఓడ వస్తే తెరిచి తీరాలి. దారిలో ఇబ్బందిపడే ఓడకు సాయంగా ఒక టగ్ పడవను, అంటే ఓడల్ని లాగే చిన్న పడవను, కూడా సిద్ధంగా ఉంచాలి. ఆ టగ్ షరతు 1960ల దాకా నడిచింది!

మొదటి ఏడాది వంతెన 6 వేల సార్లకు పైగా లేచింది. అంటే రోజుకు పదహారు సార్లకు తక్కువ కాదు. నడిచేవాళ్లు ఆగనక్కర్లేకుండా రెండు గోపురాల మధ్య బాగా ఎత్తులో నడక దారులు కట్టారు. పాపం, వాటిని వాడినవాళ్లు తక్కువ. అన్ని మెట్లు ఎక్కే బదులు కింద నిలబడి ఓడను చూడటమే నయమనుకున్నారు. 1910లో వాటిని మూసేశారు. నేనున్నా కిందే నిలబడేవాణ్ణి.

ఇప్పుడు ఆ రేవులు లేవు. వంతెన ఏడాదికి సుమారు 800 సార్లు లేస్తుంది. పడవ స్తంభమో, పై కట్టడమో 30 అడుగులు, అంతకు మించి ఉంటే, కనీసం 24 గంటల ముందు చెప్పాలి. రాత్రయినా పగలయినా తెరుస్తారు, పైసా తీసుకోరు. రోడ్డు మీద ఎవరున్నారన్నది లెక్కలోకి రాదు. 1997లో అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ కాన్వాయ్ అక్కడే రెండు ముక్కలైంది. గ్లాడిస్ అనే తెరచాప పడవ ముందే చెప్పిన టైముకి వచ్చింది, వంతెన లేచింది, అంతే.

అమెరికాలో ఈ నియమాలు కోస్ట్ గార్డ్ చేతిలో ఉంటాయి. అక్కడ హారన్ భాషొకటి ఉంది. పడవ ఒక పొడుగు కూత, వెంటనే ఒక పొట్టి కూత వేస్తే, వంతెన తెరవమని అర్థం. వంతెన మీది మనిషి అదే కూత తిరిగి వేస్తే తెరుస్తున్నట్టు. వరసగా ఐదు పొట్టి కూతలు వినిపిస్తే ఇప్పుడు కుదరదు, ఆగమని. రేడియోలో మాట్లాడుకునే వీలూ ఉంది. పడవ వాళ్లకూ ఒక కట్టుబాటు పెట్టారు. యాంటెనా లాంటిది దించితే కింద నుంచి పట్టేటప్పుడు, దాన్ని దించకుండా వంతెన లేపమని అడగకూడదు. ఇది నాకు బాగా నచ్చింది.

చాలా ఊళ్లలో ఆఫీసుల రద్దీ వేళ వంతెనలు తెరవరు. చికాగోలో అయితే తెరచాప పడవలు చలికాలమంతా నది మీది యార్డుల్లో ఉంటాయి. వసంతంలో పక్కనున్న మిచిగన్ సరస్సుకి వెళ్లి, శరత్తులో తిరిగొస్తాయి. అందుకని ఆ సీజన్లలో బుధ, శనివారాలు పెట్టి, పడవలన్నిటినీ ఒక గుంపుగా పంపుతారు. ఒక్కో పడవకీ ఊరంతా ఆగే టెన్షన్ ఉండదు.

లండన్‌లో పిల్లల దగ్గరికి వెళ్లే శ్రోతలకు ఒక మాట. టవర్ బ్రిడ్జి ఎప్పుడు లేస్తుందో వాళ్ల వెబ్‌సైట్‌లో ముందే పెడతారు. చూసుకుని వెళ్లండి, ఒడ్డున నిలబడి చూడటానికి టికెట్ అక్కర్లేదు.