ఆ ఘట్టాన్ని కత్తిరించకండి

సభాధ్యక్షులకు, మిత్రులకు నమస్కారాలు. సోవియట్ దర్శకుడు ఆంద్రేయ్ తార్కోవ్‌స్కీ 1975 నాటి చిత్రం ‘మిర్రర్’ను మరికాసేపట్లో చూడబోతున్నారు కనుక కథ చెప్పను. చెప్పడానికి వరుస కథంటూ లేదు కూడా; మంచం పట్టిన ఒక మనిషికి జ్ఞాపకాలు ఏ క్రమంలో వస్తే ఆ క్రమంలోనే చిత్రం సాగుతుంది. యవ్వనంలోని తల్లిగా, అతను విడిపోయిన భార్యగా మార్గరీటా తెరెఖొవాయే నటించారు. వృద్ధురాలైన తల్లిగా దర్శకుని కన్నతల్లే కనిపిస్తారు. చిన్ననాటి ఇంటిని పాత పునాదుల మీదే మళ్లీ కట్టించి, ఆ నేలలో బక్‌వీట్ అనే ధాన్యం ఇక పండదని రైతులు చెప్పినా వినకుండా, ఇంటి ముందు పొలంలో దాన్నే చల్లించి, అది తెల్లగా పూసేదాకా ఆగిన దర్శకుడాయన.

ఇదంతా విమర్శకులు తరచూ చెప్పేదే. నా మనసులో ఏళ్లుగా నలుగుతున్నది వేరు. ఒక ప్రదర్శనలో నిర్వాహకులు, సమయం చాలడం లేదంటూ, అందులోని సివాష్ న్యూస్‌రీల్, అంటే యుద్ధకాలపు వార్తాచిత్రం, రాగానే చిత్రాన్ని ముందుకు జరిపేశారు. అడిగితే, ‘అది డాక్యుమెంటరీ ముక్క కదండీ, కుటుంబ కథతో దానికేం సంబంధం?’ అన్నారు. ఆ మాట నన్ను ఇప్పటికీ బాధిస్తూనే ఉంది.

సంబంధం ఏమిటో దయచేసి వినండి. రెండో ప్రపంచ యుద్ధంలో, 1943లో సోవియట్ సైనికులు సివాష్ సరస్సును దాటుతుంటారు. బురదనీళ్లలో కాళ్లీడ్చుకుంటూ, ఫిరంగులను లాక్కుంటూ, ఒకరి వెనుక ఒకరుగా వెళ్తూనే ఉంటారు. ఒక్కరూ కెమెరా కోసం వీరుల్లా నిలబడరు. దాన్ని చిత్రీకరించిన ఛాయాగ్రాహకుడు ఆ రోజే మరణించాడని తార్కోవ్‌స్కీ రాశారు. ఆ దృశ్యం మీద వినిపించే కంఠం కవి ఆర్సేనీ తార్కోవ్‌స్కీది, అంటే దర్శకుని తండ్రిది. చదివేది ఆయన సొంత కవిత. కొడుకు పసివాడిగా ఉండగానే ఇల్లు విడిచి వెళ్లిన ఆ తండ్రి, అదే యుద్ధంలో గాయపడి కాలు పోగొట్టుకున్నారు.

ఇప్పుడు చెప్పండి, అది కుటుంబ కథ కాదా? ఇంట్లో లేని తండ్రి ఈ చిత్రంలో ఎక్కువగా కంఠంగానే ఉన్నాడు. ఆ కంఠం సైనికుల అడుగుల మీద వినిపించినప్పుడే, తల్లి ఎదురుచూపుకూ దేశం పడిన కష్టానికీ మధ్య గోడ లేదని మనకు తెలుస్తుంది. న్యూస్‌రీల్‌ను తీసేస్తే మిగిలేది అందమైన బాల్య స్మృతి మాత్రమే. దర్శకుడు తీసింది అది కాదు.

కనుక నిర్వాహక మిత్రులకు నా విన్నపం: విరామం తప్పనిసరైతే, ఆ కవిత చివరి పాదం వినిపించిన తరువాతే ఇవ్వండి.