కొండవాగు చేప, నెల్లూరు ఎండ

(తెర మీద: అద్దానికి అతుక్కున్న చేప. పొట్టవైపు నుంచి దగ్గరగా.)

నమస్కారం. అద్దానికి తడి ఆకులా అతుక్కున్న ఈ చేపను కాసేపు చూడండి. హిల్‌స్ట్రీమ్ లోచ్‌లు అనే కొండవాగు చేపల్లో ఒక రకం, పేరు సెవెలియా లీనియోలాటా. వియత్నాం కొండవాగులు దీని సొంత ఊరు. రెండున్నర అంగుళాలకు మించి పెరగదు. దుకాణంలో సక్కర్ అని చెప్పి ఇచ్చినా నమ్మకండి, సక్కర్ నోటితో అతుక్కునే వేరే చేప, అడుగు దాటి పెరుగుతుంది. ఇది రాతిని పట్టుకునేది ఒంటితోనే: ముందు రెక్కలు, పొట్ట కింది రెక్కలు విసనకర్రల్లా పరుచుకుంటాయి. అందుకే ఉరికే నీటిలో కూడా కొట్టుకుపోదు.

దీనికి కావలసిందేమిటో మన జిల్లా వాళ్లకు చెప్పడం తేలిక. ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటల్లో నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు రాత్రంతా ఎందుకు తిరుగుతాయి? తెల్లవారుజామున డీవో, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, పడిపోతే పంట పోతుంది కనుక. ఈ చేపదీ అదే కథ, కాకపోతే ఇంకా సున్నితం. 20 డిగ్రీల మంచినీరు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టి ఉంచగలదు. 30 డిగ్రీలకు అది ఏడున్నరకు దిగుతుంది. వేడి పెరిగేకొద్దీ చేపకు ఊపిరి అవసరం పెరుగుతుంది, నీటిలో ఊపిరి తగ్గుతుంది.

(తెర మీద: తొట్టిలోని థర్మామీటరు.)

దీనికి అనువైనది 20 నుంచి 24 డిగ్రీలు. కిందటి మే నెలలో మా తొట్టి 32 చూపింది. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, నాలుగు చేపల్లో రెండు చనిపోయాయి. ఆ రోజు నుంచి బ్యాటరీతో నడిచే గాలి పంపు తొట్టి పక్కనే ఉంచుతున్నాను. నీటిపై ఫ్యాను పెడితే ఆవిరై చల్లబడుతుంది, నిజమే. పడమటి గాలి పొడిగా వీస్తున్నప్పుడు మూడు నాలుగు డిగ్రీలు దిగింది. సముద్రపు గాలి తిరిగి ఉక్కపోత మొదలయ్యాక ఆ ఫ్యాను దాదాపు పనిచేయలేదు. అందుకే కచ్చితంగా చెబుతున్నాను: వేసవంతా నడిచే ఏసీ గది గానీ, తొట్టి నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రం గానీ లేకపోతే ఈ చేపను కొనకండి. ఐసు సీసాలు వేయడం కూడా వద్దు, నీరు ఒక్కసారిగా చల్లబడి మళ్లీ వేడెక్కడం దానికి ఇంకో దెబ్బ.

ఆవిరైన నీటికి బదులు ఉప్పు బోరు నీరు పోస్తూ పోతే లవణాలు పేరుకుంటాయి. తరుగు నింపడానికి క్యాను నీళ్లు వాడండి.

మోటారు గంటకు తొట్టి నీటిని కనీసం పది సార్లు తిప్పాలి. నీరు పీల్చే గొట్టానికి స్పాంజి తొడగండి. తడి అద్దం మీద పాకి బయటికి వచ్చేస్తాయి కనుక మూత తప్పనిసరి.

(తెర మీద: డాబా మీద నీళ్ల తొట్టి, అందులో పలకరాళ్లు.)

ఇక తిండి. నాకు ఎంతో ఇష్టమైన పని ఇదే. పాచి తినే చేప అని కొత్త తొట్టిలో వేస్తే ఆకలితో చిక్కిపోతుంది. దాని అసలు తిండి రాతి మీది పాకుడు, ఆ పొరలో బతికే సూక్ష్మజీవులు. నేను మార్కాపురం పలకరాళ్లు తెచ్చాను. ఒక్కోదాని మీద వెనిగర్ చుక్క వేసి చూశాను. నురగ వస్తే సున్నం ఉన్నట్లు, దాన్ని పక్కన పెట్టేశాను. మిగిలినవి డాబా మీద ఎండ తగిలే నీళ్లలో ఉంచితే కొన్నాళ్లకు పాకుడు పడుతుంది. అప్పుడు ఒక రాయిని లోపల పెట్టి, తినేసిన రాయిని మళ్లీ డాబా మీదకు చేరుస్తాను.

కనీసం నాలుగైదు చేపలు కలిసి ఉండనివ్వండి. మగవి ఒకదాని మీద ఒకటి పరుచుకుని చోటు కోసం పోటీ పడతాయి, గాయాలు కావు. ఇప్పుడు కొత్త రాయి పెడుతున్నాను, చూడండి. ముందు ఒకటే వస్తుంది. అదిగో, రెండోది కూడా వచ్చేసింది.