హనోయి కోడి రెక్కలు, మన వంటింటి గాలి పొయ్యి

శ్రోతలకు నమస్కారం.

వియత్నాం రాజధాని హనోయిలో లీ వాన్ ఫూక్ అని ఒక వీధి ఉంది. వీధి అంటున్నాను గానీ మన లెక్కలో అది సందు. కోడి వీధి అని దానికి ఇంకో పేరు. సాయంత్రమైతే చాలు, ఆ సందు పొడుగునా కోడి కాళ్లు, కోడి రెక్కలు బొగ్గుల మీద కాలుతుంటాయి. జానెడు ఎత్తు ప్లాస్టిక్ స్టూళ్లు. వాటి మీద కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతాయి.

కొన్నేళ్ల కిందట నేనూ మావారూ అక్కడ అలాగే కూర్చున్నాం. ఎదురుగా పొయ్యి దగ్గర ఒకావిడ. బొగ్గుల పక్కన చిన్న ఎలక్ట్రిక్ ఫ్యాను పెట్టుకుంది, విసిరే పని లేకుండా. రెక్కలు రంగు తిరిగి, కొవ్వు కరిగి నిప్పుల మీద చిటపటమనేదాకా వాటిని తిప్పుతూనే ఉంది. అన్నీ అయ్యాక, అప్పుడు గిన్నెలో కుంచె ముంచి తేనె పూసింది. అటొకసారి ఇటొకసారి తిప్పి తీసేసింది. తేనె నిప్పు మీద ఉన్నది అర నిమిషం కూడా ఉండదు. ఇదంతా నేను కళ్లారా చూశాను. చూశానే గానీ బుర్రకెక్కలేదు.

ఇంటికొచ్చాక ఎయిర్ ఫ్రయర్ ఉంది కదా అని ఉత్సాహపడ్డాను. తేనె, వెల్లుల్లి, సాస్ అన్నీ కలిపి రెక్కలకు పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాను. మర్నాడు 200 డిగ్రీల మీద పెట్టాను. పది నిమిషాలకు వంటింట్లో పొగ. తీసి చూస్తే పైన బొగ్గు, లోపల ఎముక దగ్గర ఎర్రగా పచ్చి. మా అత్తగారు వచ్చి చూసి ఏమీ అనలేదు. కిటికీ తెరిచి వెళ్లిపోయారు. తిట్టినా బాగుండేది.

తప్పు ఎక్కడుందంటే, తీపి ముందు పట్టించడంలో. చక్కెర గానీ తేనె గానీ ఆ వేడికి మాంసం కన్నా ముందే మాడిపోతుంది. ఎయిర్ ఫ్రయర్ అంటే పేరుకే ఫ్రయర్. లోపల వేపుడేమీ లేదు, ఎర్రగా కాలే కాయిలు, దాని పైన ఫ్యాను. హనోయిలో ఆవిడ పెట్టుకున్న సరంజామా కూడా అదే కదా, నిప్పూ ఫ్యానూ!

అందుకని ఇంట్లో చేయడానికి నేను ఇంకో వంటకం చెబుతాను. కాన్ గా చియెన్ నుక్ మామ్. కాన్ గా అంటే కోడి రెక్క. చియెన్ అంటే వేయించడం. నుక్ మామ్ అంటే వాళ్ల చేపల సాస్. దీంట్లో రెక్కలు వేరే వేగుతాయి, తీపి సాస్ వేరే ఉడుకుతుంది, చివర్లో రెండూ కలుస్తాయి. మాడే గొడవే లేదు.

ఈ నుక్ మామ్ గురించి ఒక్క మాట. మన నెత్తళ్లు ఉన్నాయి చూడండి, ఆ జాతి చిన్న చేపలే. సుమారు మూడు పాళ్లు చేపకు ఒక పాలు ఉప్పు వేసి, పెద్ద చెక్క తొట్లలో ఏడాది పాటు ఊరబెడితే దిగే ఊట అది. ఫూ క్వోక్ దీవిది బాగా పేరున్న రకం. 2012లో యూరోపియన్ యూనియన్ ఆ పేరుకు రక్షణ కూడా ఇచ్చింది. సీసా మూత తీయగానే వాసన గుప్పుమంటుంది. ఎండు చేపలు తిన్న ఇంట్లో దానికి ఎవరూ బెదరరు. పొయ్యి మీద చక్కెరతో ఉడికేసరికి ఆ ఘాటు తగ్గిపోతుంది.

ఇక చికెన్ షాపు. బోర్డు మీద విత్ స్కిన్, స్కిన్‌లెస్ అని రెండు ధరలు ఉంటాయి. మనం అలవాటుగా స్కిన్‌లెస్ అంటాం. ఈ ఒక్కసారికి తోలుతోనే అడగండి. కరకరలాడేది ఆ తోలే. అర కిలో రెక్కలు చాలు.

ఇప్పుడు అసలు సంగతి. కడిగిన రెక్కల్ని తుడవండి. వడగట్టడం కాదు, తుడవడం. టిష్యూ పేపరుతో మడతల్లో కూడా తుడవండి. తడి ఉంటే ఆ వేడి అంతా నీళ్లు ఆవిరి చేయడానికే సరిపోతుంది, తోలు ఉడికినట్టు మెత్తగా ఉండిపోతుంది. అందుకే మళ్లీ చెబుతున్నాను, తుడవండి. తర్వాత చిటికెడు ఉప్పు, కాస్త మిరియాల పొడి, ఒక చెంచా బియ్యప్పిండి, ఒక చెంచా నూనె పట్టించండి. ఉప్పు నిజంగా చిటికెడే, సాస్‌లో బోలెడు ఉంది.

బుట్టలో ఒక్క వరుసగా, ఒకదానికొకటి తగలకుండా పేర్చండి. 180 డిగ్రీల మీద 12 నిమిషాలు. తిరగేసి 200 మీద ఇంకో 8 నిమిషాలు. ఒక్కో మెషీన్ ఒక్కోలా ఉంటుంది కాబట్టి లావుపాటి రెక్క ఒకటి విడదీసి ఎముక దగ్గర చూసుకోండి. వంట థర్మామీటర్ ఉంటే 74 డిగ్రీలు దాటాలి.

అది వేగుతుండగా పక్క పొయ్యి మీద బాణలిలో చెంచా నూనె వేసి, నాలుగైదు వెల్లుల్లి రెబ్బలు సన్నగా తరిగి వేయించండి. రెండు పెద్ద చెంచాల నుక్ మామ్, రెండు చెంచాల చక్కెర, రెండు చెంచాల నీళ్లు, చీల్చిన పండుమిర్చి ఒకటి వేయండి. అరిసెలు వండే వాళ్లకు నేను పాకం గురించి చెప్పక్కర్లేదు. లేత పాకం చాలు. తీగపాకం దాకా పోనిస్తే గిన్నెకే అతుక్కుంటుంది. స్టవ్ కట్టేసి వేడి రెక్కలు అందులో వేసి గబగబా తిప్పండి. పైన అర చెక్క నిమ్మరసం పిండండి. కలిపాక ఆగకండి, పది నిమిషాలు పోతే కరకర పోతుంది.

రెండోసారి నేను చేసింది ఇదే. అత్తగారు రెండు రెక్కలు తిన్నారు. ఆ తర్వాత బాణలి అడుగున మిగిలిన పాకంలో ఒక ముద్ద అన్నం వేసి తుడిచేశారు.