ఎప్సమ్ ఉప్పు డబ్బా పక్కన పెట్టండి, ముందు ట్యాంకర్ నీళ్లను అనుమానించండి!

నమస్కారం. పసుపెక్కిన ఆకు ఫొటో ఎవరు పెట్టినా చెంచాడు ఎప్సమ్ ఉప్పు వేయమని బెంగళూరు తెలుగు మిద్దెతోటల వారంతా ముక్తకంఠంతో చెప్పడం, దాన్ని తప్పుపట్టినందుకు కొందరు నా మీద విరుచుకుపడడం మీకు తెలిసిందే. అదే మాట ఈసారి ఇంకా గట్టిగా అంటున్నాను: మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు కుండీల్లో గులాబీలు, మందారాలు పాలిపోవడానికి అసలు దోషి మనం రోజూ పోసే బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లే.

ఎప్సమ్ ఉప్పు అంటే మెగ్నీషియం సల్ఫేట్. మెగ్నీషియం కొరవడినప్పుడు మొక్క ముదురాకుల్లో ఉన్నదాన్ని లాగి చిగురుకు పంపుకుంటుంది కనుక పసుపు ముందు కింది ఆకుల్లోనే కనిపిస్తుంది. ఇనుముకు అలా కదిలే గుణం లేదు. అది అందకపోతే ముదురాకులు నిక్షేపంగా ఉండి, కొత్త చిగురు నిమ్మపండు రంగుకు తిరిగి, అందులో ఈనెలు మాత్రం సన్నని పచ్చగీతల్లా మిగులుతాయి. మీరు నాకు పంపే ఫొటోల్లో చాలావాటిలో పసుపెక్కినది చిగురే! లేని జబ్బుకు మందు పోసి, మట్టిలో ఉప్పు పెంచి, పైగా నన్ను తిడతారా?

మట్టిలో ఇనుము ఉంటుంది, కానీ చవుడు నీటిలోని బైకార్బొనేట్లు మట్టిని క్షారంగా మార్చడంతో వేరు పీల్చుకోలేని రూపంలో బిగుసుకుపోతుంది. నమ్మకం కుదరకపోతే కుండీ అంచున పేరుకున్న తెల్లని పొర మీద రెండు చుక్కల వెనిగర్ వేయండి. బుసబుసమని పొంగితే అది సున్నమే.

ఇంతకంటే ఘోరం అపార్ట్‌మెంట్ సాఫ్ట్‌నర్ నీళ్లు. ఆ యంత్రం కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని బదులుగా సోడియంను వదులుతుంది. బట్టలకు అది హాయి, వేళ్లకు అది శాపం. 2024 వేసవి నీటి ఎద్దడి చూశాక పొదుపు పేరుతో ఆర్ఓ యంత్రం వదిలే నీటిని బకెట్లకు పట్టి మొక్కలకు పోసేవారిని చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది, ఎందుకంటే వడపోతలో మిగిలిన లవణాలన్నీ ఆ బకెట్‌లోనే ఉంటాయి. దానితో నేల కడుక్కోండి.

మట్టి ఎప్పుడూ బురదగా ఉంటే వేళ్లకు గాలి ఆడక కూడా ఆకు పాలిపోతుంది. ముందు దాన్ని ఆరనివ్వండి. ఆ తరువాత మన వేరుశనగ రైతులు ఏనాటి నుంచో చేస్తున్నట్లు లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఇనుము అందించే ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం చిగుళ్ల మీద పిచికారి చేయండి. ముదిరిన పసుపు ఆకు పచ్చబడలేదని నన్ను అడగకండి, తరువాత వచ్చే చిగురును చూడండి. వాన పడినప్పుడు కుండీలను ఆరుబయట పెట్టి, అడుగు రంధ్రం నుంచి నీరు ధారగా కారేదాకా తడవనిస్తే పేరుకున్న ఉప్పు కొంత కొట్టుకుపోతుంది.

ఎప్సమ్ ఉప్పుతోనే మా మొక్క బతికిందనేవారు కింద ఫొటో పెట్టండి, కాకపోతే ముందు పసుపెక్కినది చిగురో ముదురాకో స్పష్టంగా కనిపించాలి.