జాకీ వేసే ముందు చోటు చూసుకోండి

శ్రోతలకు నమస్కారం.

హైవే మీద వెళుతుండగా కారు టైరులో గాలి దిగిపోయిందని తెలియగానే మనలో చాలామంది చేసే మొదటి పని, ఉన్నచోటనే బండి ఆపేయడం. ఇంకో పది గజాలు నడిపినా టైరు పాడైపోతుందని, రిమ్ము వంగిపోతుందని భయపడి, పక్కనుంచి లారీలు దూసుకుపోతున్నా లెక్కచేయకుండా అక్కడే డిక్కీ తెరిచి జాకీ బయటికి తీస్తాం. ఈ పూట నేను ముఖ్యంగా మాట్లాడదలచుకున్నది ఈ అలవాటు గురించే. చక్రం మార్చడం ఎవరైనా ఒక్కసారి చేసి చూస్తే వచ్చే పని. దాన్ని ఎక్కడ నిలబడి మార్చాలన్న దానిమీదే మన క్షేమం ఆధారపడి ఉంటుంది.

మా వీధిలో, చాలా ఏళ్లు బస్సు నడిపి పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన ఉన్నారు. ఆయన కూతురు హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ, సెలవులకు తన కారులోనే విజయవాడ వస్తూ ఉంటుంది. ఆ అమ్మాయి ఒంటరిగా హైవే ఎక్కడానికి ముందు, ఒక ఆదివారం పొద్దున్న ఇంటి ముందు కారు పెట్టించి, మొదటినుంచి చివరిదాకా చక్రం ఆమె చేతనే మార్పించారు. తాను అరుగు మీద కూర్చున్నారే గాని ఒక్క నట్టు కూడా ముట్టుకోలేదు. ఆ అమ్మాయి రెండు చేతులతో బలమంతా పెట్టి లాగినా నట్టు కదలలేదు. అప్పుడాయన, "చేతులతో కాదమ్మా, పానా పిడి నీ ఎడమవైపుకు, నేలకు సమంగా ఉండేలా తగిలించు, కాలు పెట్టి కిందికి నొక్కు" అన్నారు. ఆమె అలాగే చేసింది. టక్కుమని చప్పుడయి నట్టు వదిలింది. ఇదంతా చక్రం ఇంకా నేలమీద ఉండగానే చేయించారు. ముందే జాకీతో లేపేస్తే చక్రం గాలిలో గిర్రున తిరుగుతుందని, బిగిసిపోయిన నట్టుతో కుస్తీ పడితే ఆ ఊపుకు బండి జాకీ మీదనుంచి జారిపోవచ్చని ఆయన వివరించారు. మార్చిన చక్రాన్ని మళ్లీ విప్పించి, పాతదాన్ని మళ్లీ బిగింపించారు కూడా.

కొన్ని నెలల తరువాత ఆ అమ్మాయి హైదరాబాదునుంచి వస్తుండగా, సూర్యాపేట దాటి కోదాడ వైపు వెళ్లే దారిలో, చీకటి పడే వేళకు, వెనక కుడివైపు టైరులో గాలి దిగిపోయింది. బండి ఒకవైపుకు లాగడం, వెనకనుంచి దబదబమని చప్పుడు రావడం గమనించి, బ్రేకు గట్టిగా తొక్కకుండా, స్టీరింగు రెండు చేతులా పట్టుకుని, యాక్సిలరేటరు మీదనుంచి కాలు తీసి, ఎడమవైపు ఇండికేటరు వేసి రోడ్డు అంచుకు చేరుకుంది. ఆపి తండ్రికి ఫోను చేసింది. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఏ చక్రమమ్మా?" అని. కుడివైపుదని చెప్పగానే, "అక్కడ దిగొద్దు. ఆ టైరు పోతే పోనియ్యి. నాలుగు ఇండికేటర్లూ వేసుకుని అంచు వెంబడే మెల్లగా ముందుకు పో. పెట్రోలు బంకో, హోటలో కనబడ్డాకే ఆపు" అన్నారు. ఆ అమ్మాయి మనిషి నడిచే వేగంతో బండిని ఒక పెట్రోలు బంకు దాకా తీసుకుపోయి, దీపాల వెలుగులో, చదునైన సిమెంటు నేలమీద, తాను నేర్చుకున్నట్టే చక్రం మార్చుకుని ఇంటికి చేరింది. రిమ్ము కింద నలిగిన ఆ టైరు ఇక పనికిరాలేదు, కొత్తది కొనవలసి వచ్చింది. ఆ ఖర్చును ఆయన ఈనాటికీ లాభంలోనే లెక్కవేస్తారు. నాకూ ఆ లెక్కే సరైనదనిపిస్తుంది.

ఆయన "ఏ చక్రం" అని ఎందుకు అడిగారో గమనించండి. మన దేశంలో బండ్లు రోడ్డుకు ఎడమవైపు నడుస్తాయి. అంచున ఆపిన కారుకు కుడివైపు చక్రం మార్చాలంటే, వాహనాలు వచ్చే దిక్కుకు వీపు తగిలేలా రోడ్డు మీద కూర్చోవాలి. ఆ పని హైవే అంచున ఎప్పుడూ చేయకూడదు, ఎంత తొందర ఉన్నా చేయకూడదు. పెట్రోలు బంకు, దాబా, టోల్ ప్లాజా, లారీలు ఆపుకునే ప్రత్యేక స్థలం, సర్వీసు రోడ్డు, వీటిలో ఏదో ఒకటి కనబడే వరకు మెల్లగా పోవడమే మంచిది. మలుపు దగ్గర గాని, వంతెన దిగే వాలులో గాని ఆగకూడదు.

బండి అస్సలు కదలని పరిస్థితి వస్తే అందరూ, పిల్లలతో సహా, ఎడమవైపు తలుపులోంచే దిగి, రోడ్డు అంచున ఇనుప కంచె ఉంటే దానికి అవతల నిలబడాలి. వాన పడుతోందనో, ఎండగా ఉందనో కారులోనే కూర్చోవడం క్షేమం కాదు. జాతీయ రహదారుల మీద సహాయం కోసం 1033 నంబరుకు ఫోను చేయవచ్చు. కారుతోపాటు ఇచ్చే ఎర్రటి త్రికోణాన్ని బండికి వెనక కనీసం 50 మీటర్ల దూరంలో, హైవే మీదైతే అంతకు రెట్టింపు దూరంలో నిలబెట్టాలి. అది దొరకలేదని కొందరు రోడ్డు మీద రాళ్లు, చెట్టు కొమ్మలు పేర్చి, పని అయ్యాక వాటిని అక్కడే వదిలేసి వెళ్లిపోతారు. రాత్రివేళ వెనక వచ్చే మోటారు సైకిలుకు ఆ రాయి కనబడదు. దయచేసి ఆ పని చేయకండి. ఎవరైనా అలా వదిలేసిన రాళ్లు కనబడి, వాటిని తీయడానికి వీలైన చోటైతే, తీసి పక్కన పడేయండి.

ఇక పని విషయం క్లుప్తంగా చెబుతాను. హ్యాండ్ బ్రేకు వేసి, బండిని మొదటి గేరులో ఉంచి, మార్చబోయే చక్రానికి ఐమూలగా ఉన్న చక్రానికి ముందు, వెనక రాళ్లు అడ్డం పెట్టాలి. నట్లను వదులు మాత్రమే చేసి, ఆ తరువాతే జాకీ వేయాలి. కారు కింది అంచున జాకీ ఆనించడానికి కంపెనీ వారు గుర్తు పెట్టిన చోటు ఉంటుంది. అక్కడ కాకుండా ఇంకెక్కడ ఆనించినా రేకు నొక్కుకుపోవచ్చు, జాకీ జారిపోవచ్చు. నేల మెత్తగా ఉంటే జాకీ కింద మందమైన చెక్క ఒకటి వేసుకోవాలి. ఇటుక పెడితే బరువుకు పగిలిపోతుంది. బండి లేచాక చేయి గాని, తల గాని దాని కిందికి పోనివ్వకూడదు. స్టెప్నీని, అంటే డిక్కీలో ఉండే అదనపు చక్రాన్ని, కారు కిందికి పడుకోబెట్టి ఉంచితే, ఒకవేళ జాకీ తప్పినా బండి దానిమీద ఆగుతుంది. కొత్త చక్రం ఎక్కించాక నట్లను, ఏటవాలుగా సన్నబడిన వైపు చక్రంలోకి ఉండేలా, ముందు చేత్తోనే తిప్పి, బండిని దించిన తరువాత పానాతో పూర్తిగా బిగించాలి. వరుసగా కాకుండా ఒకదాని తరువాత దాని ఎదుటిది బిగించుకుంటూ వస్తే చక్రం సమంగా కూర్చుంటుంది. యాభై కిలోమీటర్లు నడిచాక ఆగి మరోసారి బిగింపు చూడాలి. ఈ చివరి పనిని దాదాపు అందరూ మరిచిపోతారు కాబట్టి మళ్లీ చెబుతున్నాను, యాభై కిలోమీటర్ల తరువాత నట్లు మరోసారి చూడాలి.

ఇప్పుడు వస్తున్న చాలా కార్లలో స్టెప్నీ మిగతా నాలుగు చక్రాలకంటే చిన్నదిగానో, సన్నగానో ఉంటుంది. అలాంటి దానిమీద గంటకు 80 కిలోమీటర్ల వేగం మించకూడదని రాసి ఉంటుంది. అది పంక్చరు షాపు దాకా చేర్చడానికే గాని, తిరుపతి వెళ్లి రావడానికి కాదు. దాంతో బ్రేకు వేసినప్పుడు, మలుపు తిరిగినప్పుడు బండి తీరు మారుతుంది గనుక నెమ్మదిగా పోయి, తొలి అవకాశంలోనే అసలు చక్రాన్ని బాగుచేయించి తిరిగి ఎక్కించుకోవాలి. కొన్ని కార్లలో అసలు స్టెప్నీయే ఉండదు. టైరులో గాలి తగ్గితే చెప్పే పరికరం, ట్యూబ్‌లెస్ టైర్లు, పంక్చరు వేసుకునే కిట్టు ఉంటే స్టెప్నీ లేకపోయినా ఫరవాలేదని 2020లో కేంద్ర ప్రభుత్వం నిబంధన సవరించింది. మేకు గుచ్చుకున్న చిన్న రంధ్రానికి ఆ కిట్టు పనికొస్తుంది గాని, టైరు పక్క గోడ చీలితే పనికిరాదు. కొత్త కారు కొనేవారు డిక్కీ అడుగు పలక ఎత్తించి, కింద ఏముందో కళ్లారా చూసుకోవడం మంచిది.

గాలి కొట్టే కుర్రవాడు నాలుగు చక్రాలూ చూశాక, "స్టెప్నీ చూడమంటారా సార్?" అని అడుగుతాడు. మనం, "వద్దులే బాబూ, డిక్కీ నిండా సామాను ఉంది" అంటాం. ఏళ్ల తరబడి అలాగే అంటాం. వాడకుండా పడి ఉన్న టైరులోంచి కూడా గాలి కొద్దికొద్దిగా పోతూనే ఉంటుంది. తీరా అవసరం వచ్చిన రాత్రి, చక్రం ఎక్కించి జాకీ దించగానే అది కూడా చప్పగా నేలకు అణిగిపోతుంది. ఈసారి అతడు అడిగినప్పుడు సామాను దించి చూపించండి. చూపించేటప్పుడు ఒక్క సంగతి మరిచిపోకండి. సన్నటి స్టెప్నీలకు మామూలు టైర్లకంటే చాలా ఎక్కువ గాలి, సాధారణంగా 60 పాయింట్లు, కావాలి. అందరికీ కొట్టినట్టే 32 కొట్టి ఊరుకుంటే అది బండి బరువు మోయలేదు. ఎంత కొట్టాలో ఆ టైరు పక్కనే అచ్చువేసి ఉంటుంది, చదివి అతడికి మీరే చెప్పండి.

సెలవు.