కంప్యూటర్ చెప్పిందంటే నిజమేనా? ఇంగ్లండ్ పోస్టాఫీసు కేసు నుంచి దొంగ తీర్పుల దాకా

నమస్కారం అండీ. ఇవాళ ఇంగ్లండ్ కోర్టుల్లోంచి రెండు విషయాలు తీసుకుని మాట్లాడతాను. ఒకటి పోస్టాఫీసు కేసు, ఇరవై ఏళ్లు దాటినా ఇంకా పూర్తిగా తెమలనిది. రెండోది 2025 జూన్ 6న లండన్ హైకోర్టు ఇచ్చిన తీర్పు, లోకంలోనే లేని కేసులను లాయర్లు కోర్టు ముందు పెట్టిన వ్యవహారం. పైకి చూస్తే దేనికీ దేనికీ సంబంధం లేనట్టుంటుంది. కానీ రెండింట్లోనూ నాకు కనపడే ప్రశ్న ఒకటే. మెషీన్ ఏదో చెప్పింది, అది నిజమో కాదో తేల్చుకోవాల్సింది ఎవరు? దాన్ని కోర్టుకి తెచ్చినవాళ్లా, లేక దాని వల్ల ఇరుక్కున్నవాళ్లా?

ముందు పోస్టాఫీసు సంగతి చెప్తాను. దీని గురించి ఏమీ తెలియనివాళ్లకి కూడా అర్థం కావాలి కాబట్టి కొంచెం మొదటి నుంచీ వస్తాను.

బ్రిటన్‌లో చాలా పోస్టాఫీసు బ్రాంచిలను ప్రభుత్వ ఉద్యోగులు నడపరు. ఊళ్లో ఒక చిన్న షాపు ఉంటుంది, అందులోనే ఒక మూల పోస్టాఫీసు కౌంటర్ ఉంటుంది, ఆ షాపు ఓనరే సబ్‌పోస్ట్‌మాస్టర్. పెన్షన్లు ఇవ్వడం, స్టాంపులు అమ్మడం, బిల్లులు కట్టించుకోవడం, అన్నీ వాళ్లే. 1999 నుంచి ఈ బ్రాంచిలన్నింట్లో హొరైజన్ అనే కంప్యూటర్ సిస్టం పెట్టడం మొదలుపెట్టారు, ఫుజిత్సు అనే కంపెనీ వాళ్లది. అప్పటి నుంచి లెక్కల్లో తేడాలు మొదలయ్యాయి. డ్రాయర్‌లో ఉన్న క్యాష్ ఒకటి, స్క్రీన్ మీద ఉండాల్సిన క్యాష్ ఇంకొకటి. వంద పౌండ్లు, వెయ్యి పౌండ్లు, ఒక్కోసారి కళ్ల ముందే అంకె రెట్టింపైపోవడం.

తేడా వస్తే ఎవరు కట్టాలి? కాంట్రాక్టు పేరు చెప్పి పోస్టాఫీసు అడిగింది సబ్‌పోస్ట్‌మాస్టర్నే. పోనీ, ఈ లెక్క తప్పని రాసి పక్కన పెడదామంటే ఆ వీలు కూడా లేదు. ట్రేడింగ్ పీరియడ్, అంటే లెక్కలు చూసి ముగించే గడువు, పూర్తయ్యేటప్పుడు లెక్క సరిపోయిందని ఒప్పుకుంటే తప్ప సిస్టం తర్వాతి పీరియడ్‌కి వెళ్లదు, అంటే కౌంటర్ నడవదు. దాంతో చాలామంది అప్పోసప్పో చేసి కట్టారు, కట్టలేనివాళ్లు సరిపోయిందని నొక్కేశారు. అలా నొక్కడమే తర్వాత దొంగ లెక్కలు రాసిన నేరం అయింది. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే చాలామందికి వచ్చిన జవాబు, ఈ సమస్య మీ ఒక్కరికే వచ్చింది, ఇంకెవరికీ లేదు అని. దేశమంతా వందలమందికి విడివిడిగా ఇదే మాట చెప్పారు. ఈ ఒక్క విషయం తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది.

యార్క్‌షైర్‌లో బ్రిడ్లింగ్టన్ అనే సముద్రతీరపు ఊళ్లో లీ కాసిల్టన్ అనే ఆయన హెల్ప్‌లైన్‌కి 91 సార్లు ఫోన్ చేశారు. తేడా సుమారు 25 వేల పౌండ్లు. పోస్టాఫీసు ఆయన మీద సివిల్ దావా వేసింది, లాయర్ని పెట్టుకునే స్తోమత లేక తన కేసు తానే వాదించుకున్నారు, 2007లో ఓడిపోయారు. కోర్టు ఖర్చుల కింద ఆయన నెత్తిన పడింది 3 లక్షల 21 వేల పౌండ్లు. మనిషి దివాలా తీశాడు.

ఇక సీమా మిశ్రా. భారత సంతతి మహిళ, సర్రేలోని వెస్ట్ బైఫ్లీట్‌లో 2005లో బ్రాంచి తీసుకున్నారు. లెక్కలు తేలక చుట్టాల దగ్గర అప్పులు చేసి కట్టుకుంటూ వచ్చారు. 2008లో ఆడిట్‌కి వచ్చి చూస్తే తరుగు 74 వేల 609 పౌండ్లు. దొంగతనం కేసు పెట్టారు. హొరైజన్ రికార్డులు ఇవ్వండి, సిస్టంలోనే ఏదో లోపం ఉంది అని ఆమె తరఫు లాయర్లు మళ్లీ మళ్లీ అడిగారు. అడిగినవన్నీ ఇవ్వలేదు. 2010 అక్టోబరులో గిల్డ్‌ఫర్డ్ క్రౌన్ కోర్టులో జ్యూరీ దోషి అని తేల్చింది, నవంబరు 11న 15 నెలల జైలు శిక్ష పడింది. ఆ రోజు పెద్దబ్బాయి పదో పుట్టినరోజు. ఆమె ఎనిమిది వారాల గర్భిణి. జైలు నుంచి ముందుగానే వదిలిపెట్టినా, కాలికి ఎలక్ట్రానిక్ ట్యాగ్ ఉండగానే రెండో బిడ్డని కన్నారు.

ఇంతకీ ఈ కేసులు పెట్టింది ఎవరు? చాలావరకు పోలీసులూ కాదు, ప్రభుత్వ ప్రాసిక్యూటర్లూ కాదు. ఇంగ్లండ్‌లో ప్రైవేటుగా క్రిమినల్ కేసు నడిపే హక్కు ఎవరికైనా ఉంటుంది, పోస్టాఫీసు దాన్ని వాడుకుంది. డబ్బు పోయిందన్నదీ వాళ్లే, దర్యాప్తు చేసిందీ వాళ్లే, కోర్టులో శిక్ష వేయమని అడిగిందీ వాళ్లే. మొత్తం మీద 900 మందికి పైగా దోషులుగా తేలితే అందులో సుమారు 700 మంది మీద కేసు నడిపింది పోస్టాఫీసే.

ఇప్పుడు నేను అసలు చెప్పదలుచుకున్న చట్టం పాయింట్‌కి వస్తున్నాను, ఇక్కడ కాస్త నిదానంగా వినండి. 1984లో ఇంగ్లండ్‌లో ఒక చట్టం తెచ్చారు, అందులో సెక్షన్ 69. కంప్యూటర్ ఇచ్చిన కాగితాన్ని క్రిమినల్ కేసులో సాక్ష్యంగా వాడాలంటే, ఆ సమయంలో కంప్యూటర్ సరిగ్గా పనిచేస్తోందని ముందు చూపించాలి. సాక్ష్యం తెచ్చినవాళ్లే చూపించాలి. బాగానే ఉంది కదా. కానీ ప్రతి చిన్న కేసుకీ ఇది తలనొప్పిగా తయారైందని, అవసరం లేదని లా కమిషన్ 1997లో చెప్పింది. 1999లో చట్టం మార్చారు, 2000 ఏప్రిల్ నుంచి సెక్షన్ 69 పోయింది. దాని చోట మిగిలింది పాత కామన్ లా సూత్రం, అంటే పార్లమెంటు చేసింది కాదు, కోర్టు తీర్పుల్లోంచి వచ్చినది. మెషీన్ సరిగ్గానే పనిచేస్తోందని కోర్టు అనుకుంటుంది, కాదంటే ఆ అనుమానం కలిగించే ఆధారం అవతలివాళ్లు చూపించుకోవాలి.

హొరైజన్ ఊరూరా వెళ్లిన కాలం, ఈ రక్షణ ఎత్తేసిన కాలం ఒకటే. ఒక షాపు నడుపుకునే మనిషికి ఫుజిత్సు సర్వర్‌లో ఏం జరుగుతోందో ఎలా తెలుస్తుంది? కంప్యూటర్ తప్పని చెప్పడానికి ఆధారం కావాలి, ఆ ఆధారం కంప్యూటర్ పెట్టినవాళ్ల దగ్గరే ఉంది, వాళ్లేమో ఇవ్వరు. తాళం వేసినవాడి దగ్గరే తాళంచెవి పెట్టి, లోపలున్నది నువ్వు చూపించు అన్నట్టు తయారైంది. పైగా ఫుజిత్సు వాళ్లు సబ్‌పోస్ట్‌మాస్టర్‌కి తెలియకుండానే దూరం నుంచి బ్రాంచి లెక్కల్లోకి వెళ్లి మార్పులు చేయగలరు. అలా కుదరదని పోస్టాఫీసు ఏళ్ల తరబడి చెప్తూనే వచ్చింది.

ఇది బయటపడింది అలన్ బేట్స్ అనే సబ్‌పోస్ట్‌మాస్టర్ మొండితనం వల్ల. వేల్స్‌లోని లాండుడ్నో దగ్గర ఆయన బ్రాంచిని 2003లోనే లాగేసుకున్నారు. ఆయన ఊరుకోలేదు, తనలాంటివాళ్లను ఒక్కొక్కరినే వెతికి పట్టుకుని, చివరికి 555 మందితో కలిసి హైకోర్టుకి వెళ్లారు. జస్టిస్ ఫ్రేజర్ 2019లో ఇచ్చిన రెండు తీర్పులు ఈ కథని తిప్పేశాయి. ఒకటి మార్చిలో, కాంట్రాక్టు గురించి. రెండోది డిసెంబరు 16న, హొరైజన్ గురించి. ఫుజిత్సు దగ్గర తెలిసిన లోపాలన్నీ రాసుకున్న ఒక జాబితా ఉంది, నోన్ ఎర్రర్ లాగ్ అంటారు, దాన్ని బయటపెట్టడానికి కూడా పోస్టాఫీసు మొదట్లో అడ్డం తిరిగింది. అది చేతికొచ్చాక బగ్గులు ఒక్కొక్కటీ బయటికొచ్చాయి. జరిగినదాన్ని పట్టించుకోకుండా ఊరికే కాదు కాదు అంటూ కూర్చోవడం, 21వ శతాబ్దంలో భూమి బల్లపరుపుగా ఉందని వాదించడం లాంటిదని జడ్జిగారు తీర్పులోనే అన్నారు.

కేసు 5 కోట్ల 77 లక్షల 50 వేల పౌండ్లకు రాజీ అయింది. వినడానికి పెద్ద మొత్తమే. కానీ లాయర్లకీ, కేసుకి పెట్టుబడి పెట్టినవాళ్లకీ పోగా ఆ 555 మందికి మిగిలింది సుమారు కోటీ 20 లక్షలు. గెలిచినవాళ్ల చేతికి తలా ఇరవై వేల పైచిలుకు పౌండ్లు. ఇల్లు పోయినవాళ్లున్నారు అందులో. అందుకే తర్వాత ప్రభుత్వం వాళ్లకోసం విడిగా పరిహారం పథకం పెట్టాల్సి వచ్చింది.

2021 ఏప్రిల్ 23న అప్పీలు కోర్టు 39 మంది శిక్షలు కొట్టేసింది. సీమా మిశ్రా అందులో ఉన్నారు. విచారణ న్యాయంగా జరగలేదు అనడంతో కోర్టు ఆగలేదు, అసలు వీళ్ల మీద కేసు నడపడమే కోర్టు మనస్సాక్షికి అవమానం అంది. ఇంగ్లండ్ కోర్టులు ఆ మాట అంత తేలిగ్గా వాడవు. అయినా మిగతా వందలమంది సంగతి? ఒక్కొక్కరే అప్పీలుకి రావాలంటే చాలామందికి కోర్టు గుమ్మం మళ్లీ తొక్కాలంటేనే భయం. 2024 జనవరిలో ఐటీవీలో ఈ కథ మీద డ్రామా సీరియల్ రావడంతో దేశమంతా భగ్గుమంది, అదే ఏడాది మే 24న పార్లమెంటు ఏకంగా చట్టం చేసి వందల శిక్షలను ఒక్క దెబ్బతో రద్దు చేసింది.

కోర్టు ఇచ్చిన తీర్పుల్ని పార్లమెంటు మూకుమ్మడిగా కొట్టేయడం మంచి పద్ధతేనా అని అక్కడి లాయర్లలో చాలామందికి బెంగ పట్టుకుంది. అది నిజమైన బెంగే, రేపు ఇంకో ప్రభుత్వం ఇంకో కారణం చెప్పొచ్చు. కానీ నేను మాత్రం ఆ చట్టం తేవడమే సరైనదంటాను, ఎందుకంటే ఎదురుచూస్తూ ఎదురుచూస్తూ మనుషులు చనిపోతున్నారు. ఈ వ్యవహారం మీద ప్రభుత్వం వేయించి, సర్ విన్ విలియమ్స్ నడిపిన విచారణ 2025 జులైలో మొదటి నివేదిక ఇచ్చింది, దీనివల్ల కనీసం 13 మంది ఆత్మహత్య చేసుకుని ఉండొచ్చని అందులో ఉంది. ఆ చట్టంలో నాకు నచ్చనిది ఒకటుంది. అప్పటికే అప్పీలు కోర్టుకి వెళ్లి ఓడిపోయినవాళ్లని అందులోంచి తప్పించారు. హొరైజన్‌కి ముందు కొన్ని బ్రాంచిల్లో వాడిన క్యాప్చర్ అనే సాఫ్ట్‌వేర్ బాధితులకి కూడా అందులో చోటు లేదు.

ఇంత జరిగాక, కంప్యూటర్ సరిగ్గానే పనిచేస్తోందనుకునే ఆ పాత సూత్రాన్ని 2024 చట్టం తాకనే లేదు. మార్చాలా వద్దా అని న్యాయశాఖ 2025 జనవరిలో జనం అభిప్రాయాలు అడిగింది. శిక్షలు రద్దు చేయడానికి నెలల్లో చట్టం వచ్చింది కానీ, ఆ శిక్షలకి దారి తీసిన సూత్రం దగ్గరికి వచ్చేసరికి సంప్రదింపులు.

ఇక 2025 జూన్ తీర్పు. డేమ్ విక్టోరియా షార్ప్, జస్టిస్ జాన్సన్ అనే ఇద్దరు జడ్జిలు కలిసి రెండు కేసులు విన్నారు. మొదటిది ఇల్లు లేని ఒక మనిషి లండన్‌లోని హారింగే కౌన్సిల్ మీద వేసిన కేసు. ఆయన తరఫు పిటిషన్‌లో ఐదు తీర్పులు చూపించారు, ఐదూ లేనివే. అవతలి లాయర్లు వెతికి, దొరకలేదు, కాపీలు ఇవ్వండి అని ఉత్తరం రాస్తే, చిన్నపాటి పొరపాట్లు అన్నట్టు జవాబు వచ్చింది. ఏఐ వాడలేదని ఆ పిటిషన్ రాసిన బారిస్టర్ (కోర్టులో వాదించే లాయర్) అన్నారు, ఆ వివరణని కోర్టు నమ్మలేదు. అంతకుముందే ఆ కేసు జడ్జి బారిస్టర్‌నీ, ఆ మనిషి తరఫున కేసు నడిపిన లా సెంటర్ అనే న్యాయసహాయ సంస్థనీ చెరో రెండు వేల పౌండ్లు కట్టమన్నారు.

రెండోది ఖతార్ నేషనల్ బ్యాంకు మీద దాదాపు 9 కోట్ల పౌండ్ల దావా. అందులో చూపించిన 45 కేసుల్లో 18 అసలు లేవు. క్లయింటే ఏఐ పెట్టి వెతికి ఇచ్చాడట, లాయర్ చూసుకోకుండా కోర్టులో పెట్టేశాడు. ఇంకా విచిత్రం, లేని తీర్పుల్లో ఒకటి ఎవరు రాశారని చూపించారంటే, ఆ దావా వింటున్న జడ్జిగారే రాసినట్టు!

ఇలా చేస్తే కోర్టు ధిక్కారం కింద జైలుకి వెళ్లొచ్చు, మరీ దారుణమైతే న్యాయప్రక్రియని వక్రీకరించిన నేరం కిందికి కూడా రావచ్చు, దానికి యావజ్జీవం దాకా ఉంది అని కోర్టు హెచ్చరించింది. ఏఐ వాడొద్దనలేదు. వాడితే అసలు తీర్పు తెరిచి సరిచూసుకునే బాధ్యత నీదే అంది. నాకు ఇది నూటికి నూరుపాళ్లు నచ్చింది. మెషీన్ మాటని కోర్టుకి తెచ్చినవాళ్లే దానికి జవాబుదారీ. మరి లాయర్‌కి పెట్టిన ఈ రూలే హొరైజన్ ప్రింటౌట్ తెచ్చిన పోస్టాఫీసుకి పెట్టి ఉంటే, సీమా మిశ్రా జైలుకి వెళ్లేవారా?

మన దేశంలో దీనికి ఒక ముడి ఉంది, మన లాయర్లకి బాగా తెలిసిందే, 65బి సర్టిఫికెట్. ఇంగ్లండ్ తన సెక్షన్ 69ని వదిలేసింది 2000 ఏప్రిల్‌లో. మన ఐటీ చట్టం ద్వారా సాక్ష్య చట్టంలోకి 65బి వచ్చింది అదే ఏడాది అక్టోబరులో. కంప్యూటర్ సరిగ్గా పనిచేసిందని సర్టిఫికెట్ ఇవ్వాలన్న షరతు వాళ్లు తీసేసిన ఏడాదే మనం పెట్టుకున్నాం. 2024 జులై 1 నుంచి అది భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 63 అయింది, ఇప్పుడు ఫారంలో రెండు భాగాలు, పార్ట్ ఎ సాక్ష్యం తెచ్చినవాళ్లది, పార్ట్ బి నిపుణుడిది, హ్యాష్ వాల్యూ (ఫైలుకి వేలిముద్ర లాంటి సంఖ్య) కూడా రాయాలి. కాగితం మీద మనది ఇంగ్లండ్ కంటే గట్టి రూల్. విజయవాడలోనో వరంగల్‌లోనో కోర్టులో పనిచేసేవాళ్లు మీలో ఎవరైనా ఉంటే ఒక్క విషయం కింద రాయండి. ఆ పార్ట్ బి మీద సంతకం పెడుతున్నది ఎవరు? సిస్టంని తెరిచి చూసి పెడుతున్నారా, లేక ఫారం నింపి ఇస్తే చూడకుండానే పెట్టేస్తున్నారా?